"హెమాంజియోమా" అని రాసున్న గడ్డ: ప్రెగ్నెన్సీలో ఒక లివర్ అడినోమా కేసు

ఈ కేసు రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నా, కానీ ఇందులో మొదటి తప్పు నాదే కాబట్టి రేపు రేపు అంటూ వాయిదా వేస్తూ వచ్చా. పేషెంట్ అనుమతి ఉంది, రాసింది మొత్తం తను చదివింది కూడా. వయసు, కొన్ని తేదీలు, ఒకట్రెండు చిన్న విషయాలు కావాలనే మార్చాను. నేను కాన్పుల డాక్టర్ని, లివర్ స్పెషలిస్టుని కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి. ఇందులో చాలా నిర్ణయాలు నేనొక్కదాన్నే తీసుకున్నవి కావు, కొన్నింట్లో నేను వాదించి ఓడిపోయాను, ఓడిపోవడమే మంచిదైంది.

నేపథ్యం

ఆవిడ వయసు ముప్పైల మొదట్లో. మొదటి ప్రెగ్నెన్సీ. పీసీఓఎస్‌కి దాదాపు 9 ఏళ్లు కంబైన్డ్ పిల్స్ (ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు) వాడింది, పిల్లల కోసమని ఆపేసిన 7 నెలలకి ప్రెగ్నెన్సీ వచ్చింది. బీఎంఐ 34. బీపీ, షుగర్ లేవు. మూడేళ్ల కిందట ఏదో చెకప్‌లో తీసిన స్కాన్‌లో "కుడి లోబ్‌లో 3 సెం.మీ. ఎకోజెనిక్ లీజన్, హెమాంజియోమా, ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1" అని ఉంది, అంటే స్కాన్‌లో తెల్లగా కనపడే రక్తనాళాల ముద్ద, లివర్‌లో కొద్దిగా కొవ్వు. అప్పట్లో ఎవరో "ఏం కాదమ్మా, పుట్టుమచ్చ లాంటిది" అన్నారట, అంతే, తర్వాత ఎవరూ చూడలేదు, పిల్స్ మాత్రం ఇంకో రెండేళ్లకి పైగా వాడుతూనే ఉంది.

12వ వారం స్కాన్‌లో సోనాలజిస్ట్ లివర్ కూడా చూసి 4.4 సెం.మీ. అని రాసారు, పక్కనే 1.5 సెం.మీ. ఇంకొకటి. కింద మళ్లీ అదే మాట, "హెమాంజియోమా, పాత రిపోర్ట్‌తో పోలిస్తే సైజ్ పెరిగింది". నేను ఆ లైన్ చదివాను, పాత రిపోర్ట్‌లోనూ అదే ఉంది, ఇప్పుడూ అదే ఉంది, ఇద్దరు చెప్పారు కదా అనుకున్నా. నిజానికి రెండో మనిషి మొదటి మనిషి రిపోర్ట్ చూసే రాసారు, అంటే చెప్పింది ఒక్కరే. హెమాంజియోమా అయితే ప్రెగ్నెన్సీలో ఏమీ చెయ్యక్కర్లేదు, సింప్టమ్స్ లేకపోతే ప్రత్యేకంగా స్కాన్లు కూడా అక్కర్లేదు, అదే మాట ఆవిడకి చెప్పి పంపించా. మొదటి కాన్పు, బరువు ఎక్కువ కాబట్టి ప్రీఎక్లాంప్సియా (ప్రెగ్నెన్సీలో బీపీ పెరిగి వచ్చే ప్రమాదకరమైన జబ్బు) రాకుండా లో డోస్ యాస్పిరిన్ 150 మి.గ్రా. కూడా మొదలుపెట్టా. ఈ యాస్పిరిన్ తర్వాత మళ్లీ వస్తుంది.

నేను ఆగి ఆలోచించాల్సింది ఎక్కడంటే, మామూలు లివర్‌లో తెల్లగా, అంచులు నీట్‌గా కనపడే గడ్డ ఎక్కువసార్లు హెమాంజియోమానే, నిజమే. కానీ ఫ్యాటీ లివర్‌లో ఆ లెక్క నమ్మకూడదు, చుట్టూ ఉన్న లివరే తెల్లగా ఉంటుంది కాబట్టి హెమాంజియోమా నల్లగా కూడా కనపడొచ్చు, అడినోమా (క్యాన్సర్ కాని ఇంకో రకం లివర్ గడ్డ) తెల్లగా కనపడొచ్చు. పైగా 9 ఏళ్ల పిల్స్, బరువు, పెరుగుతున్న సైజ్. పిల్స్‌కీ అడినోమాకీ సంబంధం ఉందేమో అని 1973లోనే ద లాన్సెట్‌లో వచ్చింది, మేమందరం చదువుకున్నదే, ఎగ్జామ్‌లో అడిగితే నిద్రలో లేపినా చెప్తాం. ఓపీలో మాత్రం రిపోర్ట్‌లో పేరు రాసి ఉంటే ఇక బుర్ర అక్కడే ఆగిపోతుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లివర్‌లో క్యాన్సర్ కాని గడ్డలు ముఖ్యంగా మూడు. హెమాంజియోమా అంటే రక్తనాళాల ముద్ద, అన్నిటికన్నా కామన్. ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా, ఎఫ్‌ఎన్‌హెచ్ అంటాం, ఒక తేడా రక్తనాళం చుట్టూ మామూలు లివర్ కణాలే అతిగా పెరగడం, ఇది దాదాపు ఎప్పుడూ ఏమీ చెయ్యదు. మూడోది అడినోమా, తక్కువ మందికి వస్తుంది గానీ తంటా అంతా దీంతోనే, ఎందుకంటే ఇది ఈస్ట్రోజెన్ మాట వింటుంది, లోపల రక్తనాళాల గోడలు పల్చగా ఉంటాయి, పెద్దదైతే రక్తస్రావం అవ్వచ్చు, ముఖ్యంగా 5 సెం.మీ. దాటితే. లివర్ అంచున ఉన్నది పగిలితే రక్తం నేరుగా పొట్టలోకి పోతుంది. ప్రెగ్నెన్సీలో అలా పగిలితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణం మీదకి వస్తుంది.

18వ వారం

కుడి పక్క డొక్కలో మొద్దు నొప్పి, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకుంటే ఎక్కువ. నా దగ్గరికి రాకముందు వేరే చోట ఒక జనరల్ డాక్టర్‌కి చూపించుకుంది, ఆయన పాత రిపోర్ట్‌లో లివర్ గడ్డ చూసి జాగ్రత్త కోసమే ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ అనుమానంలో చూసే రక్తపరీక్ష) రాసారు. 62 వచ్చింది, ల్యాబ్ షీట్‌లో నార్మల్ 10 లోపు అని ఉంది, పక్కన ఎర్రటి బాణం. ఆవిడ ఇంటికెళ్లి ఆ టెస్ట్ పేరు వెతికింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. నా ముందు కూర్చుని "మేడమ్, నాకు క్యాన్సరా, బిడ్డని ఉంచుకోవచ్చా" అని అడిగింది.

ఏఎఫ్‌పీ అనేది బిడ్డ లివర్ తయారు చేసే ప్రోటీన్, ప్రెగ్నెన్సీలో తల్లి రక్తంలో పెరగడం మామూలు విషయం, 18 వారాల్లో 62 అంటే బిడ్డ ఉంది అని అర్థం, అంతకన్నా ఏమీ లేదు. ప్రెగ్నెన్సీలో ట్యూమర్ మార్కర్‌గా అది పనికిరాదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా అంతే, మాయ నుంచి వస్తుంది, పెరిగితే లివర్ అని కంగారు పడక్కర్లేదు. ఇది చెప్పడానికి ఆ రోజు నలభై నిమిషాలు పట్టింది, ఓపీ అంతా వెనకబడింది, బయట ఒకాయన గట్టిగానే విసుక్కున్నాడు. ఆ నలభై నిమిషాలు 12వ వారంలో పెట్టుంటే ఇంత ఏడుపు ఉండేది కాదు కదా అనిపించింది.

ఇక్కడే మొదటిసారి నాకు నేను వేసుకున్న ప్రశ్న, అసలు ఇది హెమాంజియోమా అని ఎవరు తేల్చారు? ఎవరూ తేల్చలేదు.

పేరు తేల్చుకోవడం

బయాప్సీ అన్న మాట మొదటి రోజే వచ్చింది, మొదటి రోజే పోయింది. గడ్డ 6వ సెగ్మెంట్‌లో, లివర్ పొర కిందే ఉంది, అడినోమానే అయితే సూది గుచ్చితే మనమే రక్తస్రావం తెచ్చిపెట్టినట్టు. మామూలుగా అయితే గాడోలినియం కాంట్రాస్ట్‌తో (గడ్డ తేడా స్పష్టంగా కనపడేలా నరంలోకి ఇచ్చే మందు) ఎమ్మారై తీస్తే చాలావరకు తేలిపోతుంది, కానీ గాడోలినియం మాయ దాటి బిడ్డలోకి, అక్కడి నుంచి ఉమ్మనీటిలోకి వెళ్తుంది, తప్పనిసరి అయితే తప్ప ఇవ్వం. మైక్రోబబుల్స్ కాంట్రాస్ట్‌తో అల్ట్రాసౌండ్ చేద్దామా అని రేడియాలజిస్ట్ అడిగారు, ఆ బుడగలు రక్తనాళాల్లోనే ఉండి ఊపిరితిత్తుల్లోంచి బయటికి పోతాయి, థియరీ ప్రకారం బానే ఉంటుంది, కాకపోతే ప్రెగ్నెన్సీకి లైసెన్స్ లేదు. సరే, ముందు కాంట్రాస్ట్ లేకుండా ఎమ్మారై చూద్దాం, దాంట్లో తేలకపోతే అప్పుడు దీని సంగతి చూద్దాం అనుకున్నాం.

కాంట్రాస్ట్ లేని ఎమ్మారై అంటే చాలామంది చిన్నచూపు చూస్తారు, నేనూ చూసేదాన్ని. 19వ వారంలో తీసిన ఆ ఒక్క ఎమ్మారై చాలా చెప్పింది. హెమాంజియోమా అయితే టీ2లో (ఎమ్మారైలో ఒక రకం బొమ్మ) వెన్నులోని నీరులా ధగధగా వెలగాలి, ఇది అంత వెలగలేదు, ఓ మోస్తరు తెలుపు, అంచు చుట్టూ మాత్రం ఇంకాస్త ఎక్కువ తెల్లటి చుట్టు. అంటే హెమాంజియోమా కాదు. మధ్యలో మచ్చ లేదు, ఎఫ్‌ఎన్‌హెచ్ అయితే చుట్టూ ఉన్న లివర్‌లో దాదాపు కలిసిపోయి మధ్యలో మచ్చ కనపడుతూ ఉంటుంది. గడ్డ లోపల కొవ్వు లేదు, కొవ్వు ఉంటే ఇన్‌ఫేజ్ అవుట్ ఫేజ్ బొమ్మల్లో సిగ్నల్ పడిపోయేది, అలా పడే రకం అడినోమాకి బ్లీడింగ్ రిస్క్ తక్కువ. ఇది ఆ రకం కాదు. రేడియాలజిస్ట్ మాట: "ఇన్‌ఫ్లమేటరీ అడినోమా, బాగా ఎక్కువ అనుమానం. 5.2 సెం.మీ." బరువు ఎక్కువ ఉన్నవాళ్లలో, పిల్స్ వాడినవాళ్లలో ఎక్కువగా కనపడే రకం కూడా అదే. చిన్న గడ్డ గురించి మాత్రం "ఇప్పుడు చెప్పలేను" అన్నారు. ఆ మాట నాకు భలే నచ్చింది, రిపోర్టుల్లో అలా రాసేవాళ్లు తక్కువ.

ఆ టేబుల్ చుట్టూ వాదన

లివర్ సర్జన్, హెపటాలజిస్ట్, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్, మత్తు డాక్టర్, నేను కూర్చున్నాం. పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క లాగే ఉంది. ప్రెగ్నెన్సీకి ముందే తెలిసుంటే జవాబు సులువు, 5 సెం.మీ. దాటిన అడినోమాని ముందే ట్రీట్ చేసుకుని తర్వాత ప్లాన్ చేసుకోమంటాం. 5 లోపు ఉంటే ప్రెగ్నెన్సీకి అడ్డు లేదు, 6 నుంచి 12 వారాలకోసారి అల్ట్రాసౌండ్ చూసుకుంటూ పోవచ్చు, 2016 యూరోపియన్ గైడ్‌లైన్ అదే చెప్తుంది. నెదర్లాండ్స్ వాళ్లు 2020లో ప్రచురించిన స్టడీలో 5 లోపు అడినోమా ఉన్న 48 మందిని 51 ప్రెగ్నెన్సీల్లో ఫాలో అయ్యారు, దాదాపు పావు వంతులో గడ్డ పెరిగింది, ఒక్కరిది 7 సెం.మీ. దాటితే 26వ వారంలో ఎంబొలైజేషన్ (గడ్డకి రక్తం తీసుకెళ్లే నాళాన్ని లోపల్నుంచి మూసెయ్యడం) చేసారు, మిగతా అన్నీ సాఫీగా జరిగాయి. మనసుకి ధైర్యం ఇచ్చే స్టడీ. కానీ మా పేషెంట్‌ది 5.2, ఆ స్టడీ గడప బయట నిలబడి ఉంది. రెండు మిల్లీమీటర్లు లోపలున్నా బయటున్నా గడ్డకి తెలియదు, మనకే గీత కావాలి.

సర్జన్ ఆపరేషన్ వైపు. ఆయన వాదనలో బలం ఉంది: గడ్డ అంచున ఉంది, ల్యాప్రోస్కోపీలో అందుతుంది, చేస్తే 24 వారాల లోపే చెయ్యాలి, తర్వాత గర్భసంచి అడ్డొస్తుంది, ఇంకో ఐదు వారాలు చూద్దాం అని కూర్చుంటే ఆ తలుపు మూసుకుపోతుంది. నేనూ ఆ రోజు ఆయన వైపే ఉన్నా, నిజం చెప్పాలంటే 12వ వారంలో చేసిన తప్పుకి ప్రాయశ్చిత్తంలాగా ఏదో ఒకటి చేసెయ్యాలని ఉంది. హెపటాలజిస్ట్ ఒప్పుకోలేదు. ఆవిడ అడిగినవి రెండే. ఒకటి, డయాగ్నోసిస్ అనుమానమే గానీ నిర్ధారణ కాదు, తీసాక అది ఎఫ్‌ఎన్‌హెచ్ అని తేలితే, మత్తులో ఏదైనా అయ్యి బిడ్డ పోతే, ఏం చెప్తారు? రెండోది, ఇది ప్రెగ్నెన్సీలో పెరిగిందని మీ దగ్గర రుజువు ఏది, మూడేళ్లలో 3 నుంచి 4.4కి వెళ్లింది, అందులో రెండేళ్లకి పైగా పిల్స్ మీదే ఉంది. 4.4 అల్ట్రాసౌండ్‌ది, 5.2 ఎమ్మారైది, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పెరిగింది అంటే ఎలా?

నా దగ్గర జవాబు లేదు. ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ అన్నది తూకం వేసింది: "24 తర్వాత సర్జరీ తలుపు మూసుకుంటుంది గానీ నా తలుపు తెరిచే ఉంటుంది, 30వ వారంలో అయినా ఎంబొలైజేషన్ చెయ్యగలను." అంటే ఆగితే అన్ని దారులూ మూసుకుపోవు. ఆగుదాం అన్నాం. మొత్తం ఆవిడకీ భర్తకీ చెప్పాం, ఆపరేషన్ కావాలంటే అదీ తప్పు కాదని కూడా చెప్పాం. ఆవిడ ఆగుదాం అంది.

అయితే ఊరికే "చూద్దాం" అనుకోలేదు. కేస్ షీట్ మొదటి పేజీలో రాసాం: మూడు వారాలకోసారి స్కాన్, 19వ వారం సైజు మీద 20 శాతం పెరిగితే అంటే 6.2 దాటితే, లేదా గడ్డ లోపల రక్తం కనపడితే, లేదా నొప్పి పెరిగి హిమోగ్లోబిన్ పడిపోతే, ఎంబొలైజేషన్. ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఎవరికీ ఫోన్ చెయ్యకుండా నేరుగా ఎమర్జెన్సీకి రావాలి. "లివర్ అడినోమా, ప్రెగ్నెంట్" అని ఒక కార్డు రాసిచ్చాం, ఫోన్ కవర్‌లో పెట్టుకుంది. యాస్పిరిన్ గురించి కొంచెం తర్జనభర్జన జరిగింది, ఆపితే ప్రీఎక్లాంప్సియా రిస్క్, ఉంచితే రక్తం కారితే ఆగకపోవడం. బ్లీడింగ్ ఆనవాళ్లు లేవు కాబట్టి ఉంచాం, ఆనవాలు కనపడ్డ రోజు ఆపాలి అని అది కూడా రాసాం.

పని చెయ్యనిది

22వ వారంలో 5.3. బానే ఉంది. 24వ వారంలో ఆవిడ వేరే పని మీద వెళ్లిన చోట నొప్పిగా ఉందని అక్కడే స్కాన్ తీయించుకుంది, 6.3 వచ్చింది. మేం రాసుకున్న గీత దాటింది. అడ్మిట్ చేసాం, సర్జన్ మళ్లీ లేచారు, ఇదే ఆఖరి అవకాశం అన్నారు, థియేటర్ స్లాట్ కూడా అడిగి పెట్టుకున్నారు. పొద్దున్నే మా సోనాలజిస్ట్ మళ్లీ చూసారు: 5.5. అరగంట తర్వాత ఇంకోసారి చూసారు: 5.5. బయట తీసినవాళ్లు గడ్డని ఏటవాలుగా, పక్కనున్న రక్తనాళాన్ని కూడా కలిపి కొలిచారు. వాళ్ల తప్పు అని కూడా అనను, వాళ్లకి మా పాత బొమ్మలు ఏవీ లేవు, ఏ కోణంలో కొలవాలో మేం ఎక్కడా రాయలేదు. పరిమితి మిల్లీమీటర్లలో పెట్టాం గానీ కొలత ఎలా తియ్యాలో పెట్టలేదు, అంటే సగం ప్లానే రాసాం.

ఆ రోజు నుంచి ఒకే సోనాలజిస్ట్, ఒకే మెషీన్, ప్రతిసారీ మూడు దిక్కుల్లో కొలత, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో గీత గీసిన బొమ్మ సేవ్ చేసి ఆవిడ ఫోన్‌లో కూడా పెట్టాం. ఆ అబద్ధపు 6.3ని నమ్మి ఉంటే 24వ వారంలో లివర్ ఆపరేషన్ అయిపోయేది. దీని గురించి ఎక్కువ రాస్తున్నా అనిపించొచ్చు, కానీ ఈ కేసులో నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఆ ఒక్క రాత్రే.

27వ వారం

ఈసారి కొలత నిజమే. అదే చెయ్యి, అదే మెషీన్, 6.6. నొప్పి కూడా కాస్త ఎక్కువైంది. హిమోగ్లోబిన్ 10.8 నుంచి 9.9. ఈ నెలల్లో రక్తం పల్చబడి హిమోగ్లోబిన్ తగ్గడం మామూలే, ఆ ఒక్క నంబర్ చూసి చెప్పలేం, అందుకే అదే రోజు మళ్లీ కాంట్రాస్ట్ లేకుండా ఎమ్మారై తీసాం. 6.5, లోపల టీ1లో (ఇంకో రకం బొమ్మ) ఇంచుమించు సెంటీమీటర్ తెల్లటి మచ్చ, పోయినసారి లేదు. రక్తం. పొర బయట ఏమీ లేదు, పొట్టలో నీరు లేదు.

మేం రాసుకున్న మూడింట్లో రెండు వచ్చేసాయి కాబట్టి మీటింగ్ పది నిమిషాల్లో అయిపోయింది. యాస్పిరిన్ ఆ పూటే ఆపేసాం. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే, ఈ రోజు రాత్రి చెయ్యాలా, రెండు రోజులు ఆగాలా. పల్స్, బీపీ స్థిరంగా ఉన్నాయి, రక్తం గడ్డ లోపలే ఉంది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం బీటామెథాసోన్ 12 మి.గ్రా. రెండు డోసులు 24 గంటల తేడాతో ఇచ్చే టైమ్ ఉంది, ఏదైనా తేడా జరిగి కాన్పు చెయ్యాల్సొస్తే ఆ రెండు ఇంజెక్షన్లే బిడ్డకి అండ. రక్తం నాలుగు యూనిట్లు సిద్ధంగా పెట్టుకుని, హై డిపెండెన్సీలో ఉంచి, 48 గంటలు ఆగాం.

ఎంబొలైజేషన్ అంటే రక్తనాళం గుండా సన్నటి ట్యూబ్ పంపించి గడ్డకి వెళ్లే ధమనిని చిన్న చిన్న రేణువులతో మూసెయ్యడం. ఎక్స్‌రే కావాలి కాబట్టి ఆవిడ మొదటి ప్రశ్న సహజంగానే బిడ్డ గురించి. లివర్ మీదకి బీమ్‌ని బిగించి పెడితే బిడ్డ నేరుగా దాని కిందకి రాదు, బిడ్డకి అందేది తల్లి ఒంట్లో చెదిరి వచ్చే కొద్ది రేడియేషనే. 50 మిల్లీగ్రే లోపు డోస్‌తో బిడ్డకి లోపాలు పెరిగినట్టు కనపడలేదు, మా ఫిజిసిస్ట్ ముందే వేసిన అంచనా 10 లోపు. పొట్ట మీద లెడ్ యాప్రాన్ వల్ల ఒరిగేది పెద్దగా లేదు, లోపల్నుంచి చెదిరే దాన్ని అది ఆపలేదు, అసలు కాపాడేది బీమ్ చిన్నగా పెట్టడం, ఫ్రేములు తగ్గించడం, టైమ్ తగ్గించడం. ఇదే మాట ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాం. ఎడమ చేతి మణికట్టు నుంచి వెళ్లారు, తొడ దగ్గర నుంచి అయితే తర్వాత గంటల తరబడి వెల్లకిలా పడుకోవాలి, 28 వారాల పొట్టతో అది కష్టం. టేబుల్ మీద కూడా ఎడమకి కాస్త ఒరిగేలా కుడి నడుం కింద వెడ్జ్ పెట్టాం. లోకల్ మత్తు. గడ్డకి వెళ్లే కొమ్మ ఒక్కటే మూసారు. ముందూ వెనకా సీటీజీ (బిడ్డ గుండె కొట్టుకోవడం చూసే పరీక్ష) బాగుంది. మొత్తం గంట లోపే.

అందరం ఊపిరి పీల్చుకున్నాం. తొందరపడ్డాం.

రెండో రాత్రి

36 గంటలకి జ్వరం 38.6 డిగ్రీల సెల్సియస్, కుడి పక్క నొప్పి, వాంతి. లివర్ ఎంజైములు ఏఎస్‌టీ 410, ఏఎల్‌టీ 520, కణాలు దెబ్బతింటే పెరిగే ఎల్‌డీహెచ్ 780. రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న జూనియర్ ఫోన్, "మేడమ్, హెల్ప్ సిండ్రోమ్, సిజేరియన్‌కి తీసుకెళ్తున్నా". హెల్ప్ అంటే ప్రీఎక్లాంప్సియాలో ముదిరిన రకం, దానికి దారి కాన్పు చెయ్యడమే. ఆ అమ్మాయిని తప్పు పట్టను. మూడో ట్రైమెస్టర్ మొదట్లో కుడి పక్క నొప్పి, ఎంజైములు పదింతలు, ఎల్‌డీహెచ్ ఎక్కువ, యాస్పిరిన్ కూడా ఆపేసి ఉంది, పుస్తకం ప్రకారం అదే గుర్తు రావాలి. 28 వారాల బిడ్డని ఆ రాత్రి బయటికి తీసేసేవాళ్లం.

ఫోన్‌లోనే అడిగా, ప్లేట్‌లెట్లు ఎంత? 2 లక్షల 10 వేలు, ముందు రోజు 2 లక్షల 30 వేలు. బీపీ? 122/78. యూరిన్ ప్రోటీన్? లేదు. హెల్ప్ అనే పేరులో మూడు విషయాలు ఉన్నాయి, ఎర్రకణాలు పగలడం, లివర్ ఎంజైములు పెరగడం, ప్లేట్‌లెట్లు తగ్గడం. మా దగ్గర గట్టిగా ఉన్నది మధ్యది ఒక్కటే. ఎల్‌డీహెచ్ ఎర్రకణాలు పగిలినా పెరుగుతుంది, లివర్ కణాలు చచ్చినా పెరుగుతుంది, నిన్నగాక మొన్న మనమే ఆరు సెంటీమీటర్ల గడ్డకి రక్తం ఆపేసాం. సిజేరియన్ ఆపి నేను బయల్దేరా, దారిలో ఉండగానే ఎర్రకణాలు పగిలాయో లేదో చెప్పే స్మియర్, హాప్టోగ్లోబిన్, బిలిరుబిన్ పంపించమన్నా, పగిలిన కణాలు లేవు, మిగతా రెండూ మామూలే. బెడ్ దగ్గరే స్కాన్ చేస్తే పొట్టలో రక్తం లేదు, ఇది ముందు చూడాల్సింది, నేను మాత్రం మూడోదిగా అడిగా, ఇప్పుడైతే మొదట అడుగుతా. పొద్దున్నే పీఎల్‌జీఎఫ్ రేషియో పంపితే 9 వచ్చింది, 38 లోపు ఉంటే రాబోయే వారంలో ప్రీఎక్లాంప్సియా వచ్చే అవకాశం బాగా తక్కువ.

పోస్ట్ ఎంబొలైజేషన్ సిండ్రోమ్ అది. గడ్డ చచ్చిపోతుంటే వచ్చే జ్వరం, నొప్పి, ఎంజైములు. మామూలు పేషెంట్లో అయితే ఎవరూ కంగారు పడరు, వస్తుందని ముందే తెలుసు. ప్రెగ్నెన్సీలో అదే హెల్ప్ వేషం వేసుకుని వస్తుందని మేం ఎవరం ముందుగా రాసిపెట్టలేదు. తెల్లకణాలు 19 వేలు ఉన్నాయి, అందులో స్టెరాయిడ్ వాటా ఎంత, ఇన్‌ఫెక్షన్ వాటా ఎంత అనేది కూడా వాదనే. బ్లడ్ కల్చర్లు పంపి, గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ లక్షణాలు లేవని చూసుకుని, యాంటీబయాటిక్ మొదలుపెట్టకుండా ఆరు గంటలకోసారి ప్లేట్‌లెట్లు, ఎంజైములు చూసుకుంటూ కూర్చున్నాం. నొప్పికి పారాసిటమాల్, ఒక రోజు కొద్దిగా ఓపియాయిడ్. డైక్లోఫెనాక్ లాంటివి ఇవ్వకూడదు, రక్తస్రావం ఒక కారణం, ఈ నెలల్లో బిడ్డ కిడ్నీలు, ఉమ్మనీరు ఇంకో కారణం. మూడో రోజు ఎంజైములు దిగడం మొదలైంది, నాలుగో రోజు జ్వరం పోయింది, కల్చర్లలో ఏమీ పెరగలేదు. తొమ్మిదో రోజు ఇంటికెళ్లింది.

కాన్పు

34వ వారానికి గడ్డ 5.1. సర్జన్ సిజేరియన్ అన్నారు, ముక్కేటప్పుడు పొట్టలో ఒత్తిడి పెరిగి పగిలితే అని. ఈసారి నేను ఒప్పుకోలేదు. గడ్డ తగ్గుతోంది, రక్తసరఫరా మూసేసాం, బీఎంఐ 34 ఉన్న మనిషికి సిజేరియన్ అంటే దానికీ రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, కాళ్లలో క్లాట్లు ఉన్నాయి, అడినోమా ఉంది కాబట్టి కోసి తియ్యాలి అనడానికి ఆధారం లేదు. అడినోమా చూసి కాదు, కాన్పు లెక్కలు చూసే కాన్పు ఎలాగో నిర్ణయించాలి అన్నా. అయితే ఆయన భయానికీ విలువ ఇచ్చి కొన్ని పెట్టుకున్నాం: ఎంబొలైజేషన్ టీమ్ బిల్డింగ్‌లో ఉండే రోజు చూసుకుని 38వ వారం దాటాక ఇండక్షన్ (మందులతో నొప్పులు తెప్పించడం), ఎపిడ్యూరల్ (వెన్నులో ఇచ్చే నొప్పి మత్తు), తల దానంతటదే కిందకి దిగేదాకా ముక్కించకుండా ఆగడం, ఆలస్యం అయితే వెంటూస్ (బిడ్డ తలకి కప్పు పెట్టి లాగడం). లేబర్ రూమ్ గోడ మీద పెద్ద అక్షరాలతో "పొట్ట పైనుంచి నొక్కొద్దు" అని రాసి అంటించాం, ఆ అలవాటు ఇంకా పోలేదు, ఎవరో ఒకరు సాయం చేద్దామని మోచేత్తో నొక్కుతారు, అది మామూలుగానే చెయ్యకూడదు, ఈ పేషెంట్లో ఆ మోచెయ్యి లివర్ పక్కనే పడుతుంది.

ముక్కింది ముప్పై నిమిషాలు, వెంటూస్ అవసరం పడలేదు. పాప, 3.1 కిలోలు, పుట్టగానే ఏడ్చింది. ఎంబొలైజేషన్‌లో తల్లికి అయోడిన్ కాంట్రాస్ట్ ఇచ్చాం కాబట్టి పాప థైరాయిడ్ టెస్ట్ గుర్తుపెట్టుకుని చూసాం, నార్మల్.

తర్వాత

కాన్పు తర్వాత క్లాట్ రాకుండా హెపారిన్ ఇవ్వాలా వద్దా అని ఇంకో చిన్న గొడవ, స్కాన్‌లో కొత్త రక్తం లేదని చూసి 24 గంటల తర్వాత మొదలుపెట్టి పది రోజులు ఇచ్చాం. డిశ్చార్జ్ సమ్మరీలో మొదటి లైన్ "ఈస్ట్రోజెన్ ఉన్న పిల్స్ ఇక ఎప్పటికీ వద్దు", ఎందుకంటే ఆరు నెలల తర్వాత పీరియడ్స్ సరిగా రావట్లేదని ఎవరి దగ్గరికో వెళ్తే మళ్లీ అవే రాస్తారు, పీసీఓఎస్ ఎక్కడికీ పోలేదు కదా. ఆరో వారంలో కాపర్ టీ వేసాం.

ఆరు నెలలకి కాంట్రాస్ట్ ఎమ్మారై తీసాం, పాలిస్తున్నా గాడోలినియంకి ఆపక్కర్లేదు. పెద్దది 3.3 సెం.మీ., లివర్ కణాలు కాంట్రాస్ట్ పట్టుకునే చివరి ఫేజ్‌లో నల్లగా, అడినోమానే అనడానికి సరిపోయేలా ఉంది. రేడియాలజిస్ట్ "ఇప్పుడు చెప్పలేను" అన్న ఆ చిన్నది మాత్రం అదే ఫేజ్‌లో తెల్లగా వెలిగింది, ఎఫ్‌ఎన్‌హెచ్. ఒకే లివర్‌లో రెండు వేరు వేరు గడ్డలు, 12వ వారం రిపోర్ట్‌లో రెండూ హెమాంజియోమాలు.

నా ఓపీలో దీని వల్ల మారినవి రెండు. లివర్ గడ్డ ఉన్న ప్రెగ్నెంట్ ఎవరు వచ్చినా "ఈ పేరు ఏ పరీక్షతో పెట్టారు" అని అడిగి, వట్టి అల్ట్రాసౌండ్ అయితే, అందులోనూ ఫ్యాటీ లివరో పిల్స్ చరిత్రో ఉంటే, మొదటి ట్రైమెస్టర్ దాటగానే కాంట్రాస్ట్ లేని ఎమ్మారైకి పంపుతున్నా. ఎంబొలైజేషన్ చేసిన ప్రెగ్నెంట్ పేషెంట్ షీట్ మీద "48 గంటల్లో జ్వరం, ఎంజైములు పెరగడం ఊహించినదే, ముందు పొట్ట స్కాన్, తర్వాత ప్లేట్‌లెట్లు, బీపీ చూడకుండా కాన్పు నిర్ణయం వద్దు" అని నైట్ డ్యూటీ వాళ్ల కోసం రాస్తున్నాం, ఆ లైన్ రాసింది ఆ రాత్రి ఫోన్ చేసిన జూనియరే.

ఆవిడ ఇప్పటికి 11 కిలోలు తగ్గింది, పోయిన నెల స్కాన్‌లో గడ్డ 2.9. ఇంకో బిడ్డ కావాలంటే ఏం చెయ్యాలి అని అడిగింది. 5 లోపు ఉంది కాబట్టి అడ్డు చెప్పం, కానీ ఇది ఒకసారి బ్లీడ్ అయిన గడ్డ, ముందే తీసేద్దాం అని సర్జన్, ఎండిపోతున్న దాన్ని ఎందుకు కదపడం అని హెపటాలజిస్ట్. ఏడాది ఎమ్మారై చూసి మళ్లీ అదే టేబుల్ దగ్గర కూర్చుంటాం, ఈసారి ఆవిడ కూడా ఆ టేబుల్ దగ్గరే ఉంటానంది.